దెబ్బలాట కేసులు నేర్పిన సంగతులు

మదనపల్లె నుంచి లా చదవడానికి బెంగళూరు వచ్చి, ఇక్కడే నల్లకోటు వేసుకుని, వయసు మీద పడ్డాక ఇక్కడే విప్పేశాను. సిటీ సివిల్ కోర్టు, నృపతుంగ రోడ్డులోని మేజిస్ట్రేటు కోర్టులు, మేయో హాలు, ఈ మూడింటి మధ్యే నా తిరుగుడంతా. వచ్చినవాటిలో ఎక్కువ దెబ్బలాట కేసులే. కొట్టినవాళ్ల తరఫునా నిలబడ్డాను, తిన్నవాళ్ల పక్కనా కూర్చున్నాను. హొసకోట దగ్గర రేకుల షెడ్లలో ఉండే అనంతపురం మేస్త్రీలు, మారతహళ్లి పీజీల్లోని సాఫ్ట్‌వేర్ పిల్లలు, తరాలుగా చిక్కపేటలో అంగళ్లు నడుపుతున్న తెలుగువాళ్లు, ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే: "వానికి ఎన్నేళ్లు పడుతుంది సార్?"

దానికి జవాబు చట్టం పుస్తకంలో సగమే ఉంటుంది. మిగతా సగం దెబ్బ తగిలిన రోజున మీరు ఎవరితో ఏం చెప్పారు, వాళ్లు ఏం రాసుకున్నారు అన్నదాంట్లో ఉంటుంది. ఆ రెండో సగం గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ ఐపీసీ సెక్షన్లే. అందువల్ల 302, 307 అనే అంకెలు కోర్టు వరండాల్లో ఇంకా చాలాకాలం వినబడతాయి. కొత్తదాంట్లో హత్యకు శిక్ష 103, హత్యాయత్నం 109.

1. డాక్టరు దగ్గర అబద్ధం చెప్పొద్దు

దెబ్బ తగిలితే ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే స్టేషన్. "పోలీసు కాగితం తెస్తేనే చేర్చుకుంటాం" అని ఏ ఆసుపత్రీ అనకూడదు. 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: సర్కారుదైనా ప్రైవేటుదైనా, ముందు ప్రాణం కాపాడాలి, మిగతావన్నీ తర్వాత.

అక్కడ డ్యూటీ డాక్టరు ఒక రిజిస్టరు తీసి మెడికో-లీగల్ కేసు, అంటే ఎంఎల్‌సీ రాసుకుంటాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, దేనితో కొట్టారు అని అడుగుతాడు. అదే మీ మొదటి సాక్ష్యం, ఎఫ్‌ఐఆర్ కన్నా ముందుది. మనవాళ్లు అక్కడే తప్పటడుగు వేస్తారు. కొట్టింది బావమరిది, పరువు పోతుందని "మెట్ల మీద జారిపడినా" అంటారు. మూడు రోజులకు పెద్దమనుషుల మాటలు చెడిపోతాయి, అప్పుడు కంప్లైంటు ఇస్తారు. రెండేళ్ల తర్వాత అవతలి వకీలు ఆ రిజిస్టరు తెప్పించి, జారిపడ్డాడు అన్న ఆ ఒక్క వాక్యం డాక్టరు చేత చదివిస్తాడు. ఆ తర్వాత అతను అడగాల్సింది పెద్దగా ఉండదు.

పేరు తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఎర్ర చొక్కావాడు, ఇనుప రాడ్డు, ఎడమ భుజం, అంతే చాలు.

2. మీ భాషలో చెప్పండి, వాళ్ల భాషలో ఏం రాశారో వినండి

బెంగళూరు స్టేషన్లలో తెలుగు అర్థమయ్యే కానిస్టేబుల్ ఎవరో ఒకరు ఉంటారు. కానీ రాసేది కన్నడంలో. మేస్త్రీ "కొడవలి" అంటాడు, రైటరు "మచ్చు" అని రాస్తాడు, ఆసుపత్రిలో తోడు వెళ్లిన కుర్రాడు ఇంగ్లీషులో "నైఫ్" అని ఉంటాడు. బోనులోకి వచ్చేసరికి ఒక్క ఆయుధం మూడై కూర్చుంటుంది. గాయం ఒకటే, కోసిందీ ఒకటే, అయినా సాక్షి నమ్మదగ్గవాడు కాదనడానికి అవతలివాళ్లకు అది పనికొస్తుంది.

మీరు నోటితో చెప్పింది రాసుకుని, మీకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలన్నది చట్టం. "ఏం రాశారో ఒకసారి చదవండి సార్" అని అడగడం వాళ్లకు కోపం తెప్పించినా సరే, అడగండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయితే ఆ తర్వాత విచారణలో పోలీసులు రాసుకునే సాక్షి వాఙ్మూలం మీద సంతకం పెట్టించకూడదు. పెట్టమంటే అక్కర్లేదని మర్యాదగా చెప్పొచ్చు.

హద్దుల తగాదా కూడా ఇక్కడ ఎక్కువే. అత్తిబెలె దాటితే తమిళనాడు, ఇటు బాగేపల్లి దాటితే ఆంధ్ర. బస్సులో దెబ్బలు తిని దిగిన మనిషిని "అది మా లిమిట్స్ కాదు" అని తిప్పడం నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు జీరో ఎఫ్‌ఐఆర్ చట్టంలోనే ఉంది: నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలి, తర్వాత వాళ్లే పంపుకోవాలి. పెద్ద నేరం కళ్లెదుట కనబడుతుంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. కొత్త చట్టం చిన్న వెసులుబాటు ఇచ్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో పై అధికారి అనుమతితో ముందుగా విచారించుకోవచ్చు. దానికీ 14 రోజులే గడువు. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే డీసీపీకి పోస్టులో రాయండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు.

3. పన్ను ఊడితే ఒక సెక్షన్, మొహం వాస్తే ఇంకొకటి

నొప్పిని కొలిచే సాధనం చట్టం దగ్గర లేదు. ఉన్నది ఒక పట్టిక. ఎనిమిది రకాల గాయాలే "గ్రీవియస్": మగతనం పోవడం, కన్ను చూపు పోవడం, చెవి వినికిడి పోవడం, అవయవమో కీలో పోవడం, అది శాశ్వతంగా పని చెయ్యకపోవడం, తలో మొహమో శాశ్వతంగా వికారం కావడం, ఎముకో పన్నో విరగడం లేదా తప్పడం, ఆఖరుది ప్రాణం మీదికి తెచ్చేది లేదా 15 రోజులు తీవ్రమైన నొప్పితో మంచాన పడేసేది. ఐపీసీలో ఇది 20 రోజులు, కొత్తదాంట్లో 15 చేశారు.

ఈ ఎనిమిదింటిలో లేనిదంతా "సింపుల్". ఒళ్లంతా కమిలిపోయి వారం రోజులు లేవలేని మనిషికి వూండ్ సర్టిఫికెట్ మీద సింపుల్ అని రాసి ఉంటే మండిపోతుంది. పక్కవాడికి ఒక్క పన్ను ఊడినందుకు గ్రీవియస్. మొదటిదానికి ఏడాది దాకా శిక్ష, రెండోదానికి ఏడేళ్ల దాకా. న్యాయమా అంటే నాకూ పూర్తిగా నచ్చదు. కానీ గీత ఎక్కడో ఒకచోట గియ్యాలి కదా, ఎక్స్‌రేలో కనబడేచోట గీశారు. అందుకని ముక్కు మీద దెబ్బ పడితే ఎక్స్‌రే తీయించకుండా ఇంటికి రావొద్దు. ముక్కు ఎముక చిట్లినా అది ఎముకే.

ఆయుధం ఉంటే లెక్క మారుతుంది. కత్తి, రాడ్డు, నిప్పు, విషం లాంటివాటితో చేసిన సింపుల్ గాయానికి మూడేళ్ల దాకా, గ్రీవియస్ అయితే యావజ్జీవం దాకా.

ఉత్త చేతులతో చేసిన సింపుల్ గాయం మాత్రమే అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు. ఎన్‌సీఆర్ (నాన్-కాగ్నిజబుల్ రిపోర్టు) అని ఒక చీటీ చేతిలో పెడతారు. చాలామంది దాన్ని కేసు అనుకుని ఇంటికెళ్లి ఎదురుచూస్తారు. ఏడాది దాటితే కోర్టు ఆ నేరాన్ని మామూలుగా విచారణకే తీసుకోదు. ఆ చీటీ పట్టుకుని ఎదురుచూసి, ఆ గడువు దాటాక నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు.

4. "హాఫ్ మర్డర్ పెట్టించండి" అని అడగొద్దు

మన వైపూ, కర్ణాటకలోనూ హత్యాయత్నాన్ని జనం పిలిచే పేరది. తలకు నాలుగు కుట్లు పడితే చాలు, హాఫ్ మర్డర్ కేసు కావాలంటారు. హత్యాయత్నానికి గాయం ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. గురి తప్పి గాయమే కాకపోయినా 109 కిందికి రావచ్చు. చంపాలన్న ఉద్దేశం ఉందా అన్నదే చూస్తారు. ఏం పట్టుకొచ్చాడు, ఎక్కడ వేశాడు, ఎన్ని వేశాడు, ఎవరైనా అడ్డుపడితే ఆగాడా, తనంతట తానే ఆగాడా. లేని ఉద్దేశాన్ని అంటగట్టిస్తే చార్జిషీటు నాటికో తీర్పు నాటికో అది రాలిపోతుంది, దానితోపాటు ఉన్న కేసు కూడా పలచబడుతుంది.

5. "కాళ్ల మీదే కొట్టినాం సార్"

ముద్దాయిల తరఫున కూర్చున్నప్పుడు నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. తల జోలికి పోలేదు, కడుపులో పొడవలేదు, కాళ్లూ చేతులూ విరగ్గొట్టి బుద్ధి చెబుదామనుకున్నాం, మనిషి పోతాడని ఎవరు కలగన్నారు అంటారు. రాయలసీమలోనూ పల్నాడులోనూ ఇదో అలిఖిత న్యాయం. కాళ్లు తీసేస్తే హత్య కాదని ఒక నమ్మకం.

వాళ్లకు నేను రొంపిచర్ల కేసు చెప్పేవాణ్ని. అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లాలోని ఊరు. 1968 జూలైలో ముఠా కక్షల్లో ఒక పెద్దమనిషిని బస్సు దిగాక పట్టుకుని, బరువైన కర్రలతో కాళ్ల మీద, చేతుల మీద కొట్టారు. 19 గాయాలు. ప్రాణాధారమైన చోట ఒక్క దెబ్బా లేదు. మర్నాటికి మనిషి పోయాడు. సెషన్స్ కోర్టు హత్య అంది. చంపే ఉద్దేశం లేదని హైకోర్టు దాన్ని హత్య కాని నరహత్యకు తగ్గించింది. సర్కారు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1976లో జస్టిస్ సర్కారియా రాసిన తీర్పు మళ్లీ హత్య అనే తేల్చింది. ఆ తీర్పు పేరు రాయవరపు పున్నయ్య కేసు. దేశంలో ఎక్కడ హత్యకూ నరహత్యకూ తేడా గురించి వాదన జరిగినా ఆ పేరు వినబడుతుంది. మన తెలుగు ఊరి బస్సు గొడవ ఢిల్లీలో పాఠమైపోయింది.

దాని సారం ఇది. మీరు చంపాలనుకున్నారా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. ఆ దెబ్బలు కావాలనే వేశారా? వేసిన దెబ్బలన్నీ కలిపి చూస్తే మామూలుగా మనిషి ప్రాణం తీసేంతవా? రెంటికీ అవును అంటే హత్యే. "పోతాడనుకోలేదు" అన్నమాటకు అక్కడ చోటు లేదు. 1958లో విర్సా సింగ్ కేసులో వేసిన దారే ఇది, పున్నయ్య కేసు దాన్ని బాగుచేసి పెద్దది చేసింది.

తేడా చిన్నది కాదు. హత్య అయితే యావజ్జీవం లేదా ఉరి, అంతకు తక్కువ వేసే అధికారం జడ్జికి లేదు. ఉద్దేశం లేదు, పోవచ్చని తెలుసు అనేంత వరకే రుజువైతే పదేళ్ల లోపు ఎంతైనా కావచ్చు.

6. కొట్టనివాళ్ల పేర్లు రాయించొద్దు

నేను చూసిన ఓడిపోయిన కేసుల్లో సగానికి పైగా ఇక్కడే చచ్చాయి. కొట్టింది ఇద్దరు. ఇంటికొచ్చేసరికి అన్న అంటాడు: "వాళ్ల నాయన పేరూ వేయించు, లేకుంటే బయట ఉండి మాన్పించుకుంటాడు." చిన్నాన్న అంటాడు: "ఉద్యోగం చేసే కొడుకు పేరు వేస్తే దారికొస్తారు." బీటీఎం లేఅవుట్లో గొడవ జరిగితే ఊళ్లో ఉన్న తమ్ముడి పేరు కూడా ఎక్కుతుంది. కంప్లైంటులో ఇద్దరు తొమ్మిదిమంది అవుతారు, ఒక్కొక్కరికీ ఒక్కో దెబ్బ పంచుతారు.

చట్టం కూడా ఇందుకు ఆశ చూపిస్తుంది, అది నిజమే. అందరిదీ ఒకే ఉద్దేశమైతే ఒకడు కొట్టినా అందరిదీ బాధ్యత. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో గుంపుగా కలిసి ఒక పని మీద వస్తే, ఊరికే నిలబడినవాడూ ఇరుక్కుంటాడు. పాత 34, 149 సెక్షన్లు, ఇప్పుడు 3(5), 190. అయిదో పేరు కోసం తాపత్రయమంతా ఇందుకే.

కానీ తొమ్మిదిమంది కొట్టినట్టు చెప్పాక ఒంటి మీద తొమ్మిది గాయాలైనా ఉండాలి. డాక్టరు రెండే చూశాడు. తమ్ముడు ఆ రోజు కదిరిలో ఉద్యోగంలో ఉన్నట్టు హాజరు పట్టీ వస్తుంది. ఉద్యోగం చేసే కొడుకు ఫోన్ టవరు ఎలక్ట్రానిక్ సిటీలో చూపిస్తుంది. మన దేశంలో ఒక అబద్ధం చెప్పినవాడి సాక్ష్యమంతా పారెయ్యాలన్న నియమం లేదు, పొట్టు చెరిగి గింజ తీసుకోవాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. నిజమే. కానీ చెరగడానికి గింజ కనబడాలి కదా. పొట్టులో గింజ కలిసిపోతే అసలు కొట్టిన ఇద్దరికీ అనుమానపు లాభం వెళ్లిపోతుంది. కోర్టు బయట వాళ్లు టీ తాగుతూ నవ్వుతుంటే, దెబ్బలు తిన్నవాడు "మా అన్న మాట విని పాడైపోయినా" అనడం నా చెవుల్తో విన్నాను. ఆ అన్న కూడా పక్కనే ఉన్నాడు, తల దించుకుని.

ఇంకో కోణం. అమాయకుడి పేరు ఒక్కసారి ఎక్కితే అతనికి బెయిలు, వాయిదాలు, పాస్‌పోర్టు, కంపెనీ వెరిఫికేషన్, అన్నీ తగులుకుంటాయి. రేపు రాజీకి కూర్చోవాలన్నా అతని కోపమే అడ్డు వస్తుంది.

7. భాష పేరు చెప్పి గుంపుగా కొడితే

కొత్త చట్టంలో ఇది కొత్తగా వచ్చింది, బెంగళూరులో ఉండేవాళ్లు తెలుసుకోవాల్సిందే. అయిదుగురో అంతకన్నా ఎక్కువమందో కలిసి కులం, పుట్టిన చోటు, భాష లాంటి కారణంతో గ్రీవియస్ గాయం చేస్తే 117(4) కింద ఏడేళ్ల దాకా. అలా చంపితే 103(2), యావజ్జీవం లేదా ఉరి. సిల్క్‌బోర్డు దగ్గర బండి తాకిన గొడవ భాష మీదికి మళ్లడం రెండు నిమిషాల పని. ఇది మనల్ని కొట్టినవాళ్లకే కాదు, మనం గుంపు కట్టినా వర్తిస్తుంది.

8. ఆత్మరక్షణ ఎక్కడిదాకా

మీద పడితే తిరగబడే హక్కు ఉంది. చంపేస్తాడన్న భయం, కాళ్లు చేతులు తీసేస్తాడన్న భయం, అత్యాచారం, ఎత్తుకుపోవడం, యాసిడ్ లాంటి సందర్భాల్లో ఎదుటివాడు చనిపోయినా నేరం కాదు. ఆ భయం ఉన్నంతసేపే. వాడు కర్ర పారేసి పరిగెత్తాడు, మీరు వెంటపడి వీపు మీద వేశారు, ఆ దెబ్బ ఆత్మరక్షణ కాదు. వీపు మీద గాయం ఎటు తిరిగి ఉన్నప్పుడు తగిలిందో ఫోరెన్సిక్ డాక్టరు చెబుతాడు.

ఇరువైపులా దెబ్బలు తగిలితే కౌంటర్ కేసు తప్పదు. ఆ రెండు కేసుల్నీ ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విని తీర్పు చెప్పాలని 1990లో నాథీ లాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. అవతలివాడి ఒంటి మీద ఉన్న పెద్ద గాయానికి మీ వైపు నుంచి వివరణ లేకపోతే మీ కథ మీద అనుమానం పడుతుంది. "మేం చేతులు కట్టుకుని నిలబడ్డాం" అని మాత్రం అనొద్దు. అతను కర్ర ఎత్తాడు, నేను లాక్కున్నాను, ఆ పెనుగులాటలో అతనికి తగిలింది. జరిగింది అదే అయితే అదే చెప్పండి.

9. పోయేముందు చెప్పినది, అంతకు ముందు చెప్పినది

కాలిన గాయాలతో విక్టోరియా ఆసుపత్రికి వచ్చే ఆడపిల్లల విషయంలో ఈ పాఠం నేర్చుకున్నాను. మరణ వాఙ్మూలం ఒక్కదాని మీదే శిక్ష వెయ్యొచ్చని 1957లో ఖుషాల్ రావు కేసులోనే స్థిరపడింది. డాక్టరు సర్టిఫికెట్ లేకపోయినా, చెప్పగలిగే స్థితిలో ఉందని రాసుకున్నవాళ్లకు నమ్మకం కుదిరితే చాలని 2002లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అయితే పుట్టింటివాళ్లు ఒక మాట, అత్తింటివాళ్లు ఒక మాట చెవిలో పోస్తారు. మూడు వాఙ్మూలాలు మూడు రకాలుగా ఉంటాయి. మంచం దగ్గర నుంచి బంధువుల్ని పంపెయ్యాలని నర్సులు ఎందుకు గట్టిగా అరుస్తారో కోర్టులో కూర్చుంటే తెలుస్తుంది.

ఇంకో సంగతి చాలామంది వకీళ్లకే తట్టదు. దెబ్బ తగలకముందు చెప్పిన మాట కూడా పనికొస్తుంది. 1937 మార్చిలో పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో ఒక ఇనుప ట్రంకు దొరికింది, లోపల ముక్కలు చేసిన శవం. చనిపోయింది పిఠాపురం దివాను దగ్గర పనిచేసిన బంట్రోతు. బయలుదేరే ముందు భార్యతో, (తర్వాత ముద్దాయి అయిన) పాకాల నారాయణస్వామి భార్య ఉత్తరం రాసింది, రావాల్సిన బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నాను అని చెప్పాడు. 1939లో ఈ కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఆ మాట చావుకు దారితీసిన పరిస్థితుల్లో భాగమే, సాక్ష్యంగా తీసుకోవచ్చు అని లార్డ్ అట్కిన్ రాశాడు. శిక్ష నిలిచింది. ఈ కాలానికి అన్వయించుకుంటే, "ఫలానావాడు రమ్మన్నాడు, వెళ్తున్నా" అని అమ్మకు పెట్టిన వాట్సప్ మెసేజ్. ఆ ఫోన్ కడిగి తుడిచి తమ్ముడికి ఇచ్చెయ్యకండి, పోలీసులకు ఇచ్చి రసీదు తీసుకోండి.

10. యాసిడ్

1999లో బెంగళూరులో ఉద్యోగం మానేసిన ఒక అమ్మాయి మీద ఆమె పాత యజమాని యాసిడ్ పోశాడు. చూపు పోయింది. అప్పటికి యాసిడ్‌కు విడిగా సెక్షన్ లేదు, 307 కిందే నడిపారు. కింది కోర్టు వేసిన శిక్షను 2006లో కర్ణాటక హైకోర్టు యావజ్జీవానికి పెంచింది. ఈ నగరంలో ఆడవాళ్లు వీధికెక్కి చేసిన ఉద్యమం, ఢిల్లీలో యాసిడ్ బాధితురాలు లక్ష్మి వేసిన పిటిషన్ కలిసి 2013 నాటికి చట్టం తెచ్చాయి. ఇప్పుడు 124: పోస్తే కనీసం పదేళ్లు, యావజ్జీవం దాకా. పొయ్యడానికి ప్రయత్నిస్తేనే కనీసం అయిదేళ్లు.

శిక్ష కన్నా ముందు తెలుసుకోవాల్సింది డబ్బు సంగతి. ప్రైవేటు ఆసుపత్రి సహా ఎక్కడైనా మొదటి చికిత్స ఉచితంగా చెయ్యాలి. కనీసం 3 లక్షల పరిహారం, అందులో లక్ష 15 రోజుల్లో ఇవ్వాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది కోర్టు తీర్పు కోసం ఆగదు, ముద్దాయి దొరకకపోయినా ఆగదు. సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగులలో లీగల్ సర్వీసెస్ అథారిటీకి అర్జీ పెట్టాలి. ఇతర నేరాల బాధితులకూ అక్కడే పరిహార పథకం ఉంది. దెబ్బలు తిన్నవాళ్లలో ఆ మెట్లు ఎక్కినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనబడ్డారు.

11. కెమెరా చూసింది కదా అని

2013 నవంబరు 19 ఉదయం కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఏటీఎంలో ఒక బ్యాంకు ఉద్యోగిని మీద ఒకడు మచ్చుతో దాడి చేశాడు. లోపలికొచ్చి షట్టరు దించి, నరికి, డబ్బు, ఫోన్ తీసుకుని, తాపీగా షట్టరెత్తి వెళ్లిపోయాడు. అంతా కెమెరాలో ఉంది. దేశమంతా టీవీలో వాడి మొహం చూసింది. గార్డులు లేని ఏటీఎంలు మూయించారు. ఫోన్ హిందూపురంలో తేలింది. రెండు రాష్ట్రాల పోలీసులు వెతికారు. దొరికింది 2017 ఫిబ్రవరిలో, మా మదనపల్లెలో. చిత్తూరు జిల్లావాడే, హత్య కేసులో శిక్ష పడి జైలు నుంచి పారిపోయినవాడు. కోర్టు దోషి అని తేల్చింది 2021లో.

మొహం కనబడినా మనిషి దొరకడానికి మూడేళ్లు పైగా, తీర్పుకు ఏడేళ్లు పైగా. మొహమైనా కనబడని కేసులే మనకు ఎక్కువ.

మీ కేసులో కెమెరా ఉంటే ఆ రోజే కదలండి. అపార్ట్‌మెంటు డీవీఆర్‌లో పాతది పోయి కొత్తది ఎక్కడానికి కొన్ని రోజులు చాలు. సెక్రటరీకి, పోలీసులకు రాతపూర్వకంగా అడగండి. మీ ఫోన్‌లో స్క్రీన్ మీదినుంచి తీసుకున్న వీడియో మీ మనశ్శాంతికే తప్ప కోర్టుకు అంతగా పనికిరాదు. సాక్ష్య అధినియమం 63 కింద ఆ యంత్రం ఎవరి చేతిలో ఉందో వాళ్ల సర్టిఫికెట్, నిపుణుడి సర్టిఫికెట్, రెండూ జతపడాలి.

12. రాజీ

రాజీ తప్పు కాదు. పక్కపక్క ఇళ్లవాళ్లు, అన్నదమ్ములు, ఒకే సైటులో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కడం కన్నా మంచిదే చాలాసార్లు. కానీ ఏది మీ చేతిలో ఉందో తెలుసుకోవాలి. ఉత్త చేతుల సింపుల్ గాయం అయితే దెబ్బ తిన్నవాడే రాజీ చేసుకోవచ్చు. ఉత్త చేతుల గ్రీవియస్‌కు కోర్టు అనుమతి కావాలి. హత్యాయత్నం, యాసిడ్, హత్య, వీటిలో రాజీ కుదరదు, ఎందుకంటే ఆ కేసు మీది కాదు, సర్కారుది. హైకోర్టు తన ప్రత్యేకాధికారంతో కొన్ని కొట్టేస్తుంది గాని, హత్య, అత్యాచారం లాంటివి ఇరువర్గాలూ కలిసినా కొట్టెయ్యకూడదని 2012లో జ్ఞాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కుదరని రాజీని జనం దొడ్డిదారిన చేస్తారు. డబ్బు తీసుకుని బోనులో "నేను చూడలేదు" అంటారు. హోస్టైల్ అని ప్రకటించి పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు) మిమ్మల్నే క్రాస్ చేస్తాడు, మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి వాఙ్మూలం ఇచ్చి ఉంటే అబద్ధ సాక్ష్యం కేసు మీ మీదే పడొచ్చు. సగం డబ్బు ముందు, సగం సాక్ష్యం తర్వాత అన్న ఒప్పందాల్లో రెండో సగం చేతికొచ్చినవాళ్లు అరుదు. ఆ బాకీ వసూలుకు ఏ కోర్టుకూ వెళ్లలేరు మరి.

13. బెయిలు వచ్చిందంటే

కేసు పోయిందని కాదు. అంతే. అయితే బెయిలు విచారణలో బాధితుల మాట వినాలని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు అంది. బెదిరింపు ఏదైనా వచ్చి ఉంటే తేదీ, నంబరుతో పీపీ చేతికి ముందే ఇవ్వండి. తీర్పులో ముద్దాయి నిర్దోషిగా విడుదలైపోతే అప్పీలు చేసే హక్కు కూడా మీకు ఉంది.

14. బోను ఎక్కే రోజు

సమను వచ్చేసరికి దెబ్బ మానిపోయి ఉంటుంది, ఉద్యోగం మారి ఉంటుంది, కొందరికి పెళ్లయి పిల్లలు కూడా పుట్టి ఉంటారు. సమనూ, ఆధార్ కార్డూ తెచ్చుకోండి. ముందు రోజే పీపీని కలిసి కేసు నంబరు, కోర్టు హాలు నంబరు రాసుకోండి. ఆ భవనంలో హాళ్లు వెతుక్కోవడానికే అరగంట పడుతుంది. కన్నడం రాకపోతే తెలుగులో చెబుతానని మొదటే జడ్జిగారికి మనవి చేసుకోండి. మీకు రాని భాషలో తలూపడం కన్నా అదే మేలు. మీ సాక్ష్యం టైపు చేశాక మీకు వివరించి చెప్పాల్సిన బాధ్యత కోర్టుది, తప్పు కనబడితే సంతకానికి ముందే చెప్పండి.

క్రాస్‌లో ఎన్ని గంటలకు, ఎన్ని అడుగుల దూరం, ఎవరు ముందు ఎవరు వెనక అని అడుగుతారు. గుర్తుంటే చెప్పండి. ఎనిమిదేళ్ల కిందటి సంగతి గుర్తులేదంటే ఏ జడ్జీ తప్పుపట్టడు. గుర్తులేనిదాన్ని ఊహించి చెబితేనే అవతలి వకీలు కళ్లద్దాలు సర్దుకుని పాత కాగితం తీస్తాడు. నేనూ అలాగే తీసేవాణ్ని.